రెండింటికీ ఒకటే నూనె కాదండి

ఆవిడ దినకార్యాలు అయిన మర్నాడు పొద్దున్నే వాళ్ళింటి డ్రైవరు నా షాపుకి వచ్చాడు. భీమవరం లారీస్టాండు దగ్గర ఇంజనాయిళ్ళు, గేరాయిళ్ళు అమ్ముకునే షాపు నాది. సాయంత్రం ఆవిడ కారు బేరానికి మనుషులు వస్తున్నారట. ఆవిడ మరిది చినరాజుగారు పంపించారట. గేర్‌బాక్సుకీ, వెనక హౌసింగుకీ కలిపి ఒకటే టిన్ను చాలు, చవకది ఏదైనా ఫరవాలేదు, బండి రెండ్రోజులు నోరు మూసుకుంటే అదే పదివేలు అన్నారట.

లేదన్నాను.

అతను నా వెనక అలమరల వంక చూశాడు. కింది అర నుంచి పై అర దాకా టిన్నులే. "మరి అవన్నీ ఏంటండి?" అన్నాడు.

"ఉన్నాయి. ఆ కారుకి లేవు" అన్నాను.

వ్యాపారం చేసుకునేవాడు అనవలసిన మాట కాదని నాకూ తెలుసు. కానీ ఆ కారు పేరు చెప్పి, నా కొట్లో నిలబడి, రెండింటికీ ఒకటే అన్నవాణ్ణి మర్యాదగా పంపించాను, అదే గొప్ప. ఆవిడే ఉంటే అతన్ని కూర్చోబెట్టి, "మీరు ఆవకాయలో కొబ్బరినూనె పోసుకుంటారాండి? తలకి పప్పునూనె రాసుకుంటారాండి?" అని అడిగేది. తిట్టినా అండి పెట్టే తిట్టేది. పసిపిల్లల్నీ, పాలేళ్ళనీ, చివరికి స్టార్టవని కారుని కూడా అండి అనే అనేది. "ఏంటండీ ఇవాళ మీ బాధ" అని బానెట్టు మీద తట్టడం నా కళ్ళతో చూశాను.

ఆవిడ పేరు నాకు తెలియదు. అన్నేళ్ళు నూనె అమ్మాను గాని, పేరు నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల్లో రాజుల ఇళ్ళలో ఘోషా ఇంకా గట్టిగానే ఉండేది. ఆడవాళ్ళు వీధిలోకి రారు, వాళ్ళ పేర్లూ రావు. బజార్లో అందరూ పెద్దింటమ్మగారు అనేవాళ్ళు. నేనూ అలాగే అన్నాను.

నాకు మొదట తెలిసింది ఆవిడ చెయ్యి. తొంభైల మొదట్లో సంగతి. రొయ్యల చెరువుల డబ్బుతో ఊళ్ళోకి చిన్న చిన్న కొత్త కార్లు బిలబిలమంటూ దిగుతున్నాయి. అలాంటి రోజుల్లో ఒక పాత తెల్ల అంబాసిడరు వచ్చి నా షాపు ముందు ఆగింది. వెనక అద్దాలకి ఆకుపచ్చ తెరలు. వాళ్ళ పాత డ్రైవరు, అరవై దాటిన మనిషి, దిగి నా దగ్గరికి వచ్చి, "అమ్మగారు ఓ మాట అడగమన్నారండి" అన్నాడు. ఆ మాట ఏంటంటే, గేర్‌బాక్సులో ఏ నూనె పొయ్యాలని. నేను ఎదురు ప్రశ్న వేశాను, ఇప్పుడు ఏది పోసి ఉందని. అతను వెనక్కి వెళ్ళి తెర దగ్గర వంగి అడిగి, మళ్ళీ వచ్చి జవాబు చెప్పాడు. అలా కారుకీ కౌంటరుకీ మధ్య ఆ పెద్దాయన మగ్గంలో కండెలాగ తిరిగాడు. నాలుగోసారో ఏమో, తెర వెనక నుంచే గట్టిగా వినబడింది.

"ఆయన మోకాళ్ళు అరిగిపోతాయండి. నేనే అడుగుతాను, మీరే ఇలా రండి."

వెళ్ళాను. తెర కాస్త తొలిగింది. బంగారు గాజులున్న చెయ్యి ఒక ఊరగాయ సీసా పట్టుకుని బయటికి వచ్చింది. సీసా అడుగున నల్లటి నూనె.

"ఇది గేర్‌బాక్సులోంచి తీయించిందండి. ఎండకి పెట్టి చూడండి" అంది ఆవిడ.

ఎండకి పెట్టాను. నల్లటి నూనెలో సన్నటి పసుపు రజను మెరుస్తోంది.

"ఆ బంగారం ఎవరిదండి?" అని అడిగింది.

అది గేర్‌బాక్సు లోపల ఉండే ఇత్తడి రింగుల పొడి. ఒక గేరు లోంచి ఇంకో గేరుకి మారేటప్పుడు పళ్ళు రెండూ గర్రుమని కొట్టుకోకుండా ఆ రింగులే సర్దుతాయి. వెనక చక్రాల మధ్య గుమ్మడికాయంత ఇనుప డబ్బా ఒకటి ఉంటుంది, దాన్నే మేం హౌసింగు అంటాం. అందులో పళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరుగుతాయి కాబట్టి దానికి ఘాటు మందు కలిపిన నూనె కావాలి. మూత తీస్తే మురిగిన గుడ్డు వాసన కొడుతుంది. ఆ ఘాటు ఇనుముకి మేలు, పాత బండి ఇత్తడికి కీడు. ఆ కారుకి ఎవరో మహానుభావుడు ఒకే టిన్ను తెచ్చి, ముందూ వెనకా పోసేశాడు. లెవెలు సరిగ్గానే ఉంది, రంగు బాగానే ఉంది, ఇత్తడి మాత్రం అరిగిపోతోంది.

ఆవిడకి అనుమానం ఎలా వచ్చిందని అడిగాను. "తెర వెనక కూర్చుని ఇరవై ఏళ్ళు తిరిగానండి ఈ కారులో. చూడ్డానికి ఏమీ లేదు. వినడం తప్ప ఏం చేస్తాను" అంది. ఆ నూనె పోయించిన నాటి నుంచీ రెండో గేరు నసుగుతోందని, అంతకుముందు నసగలేదని చెప్పింది. మా ఊళ్ళో పాతిక మంది మెకానిక్కులున్నారు. గేరు ఎప్పటినుంచి నసుగుతోందో చెప్పగలిగిన కారు ఓనరుని మాత్రం నేను అంతవరకూ చూడలేదు.

ఆవిడ భర్త పోయి అప్పటికి ఏడాది కాలేదు. పిల్లలు లేరు. చెరువులూ, చేలూ, ఇల్లూ అన్నీ మరిది చూసుకుంటున్నాడు. ఆవిడ వాటి జోలికి పోలేదు. కారు ఒక్కటి మాత్రం నాదంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. భర్త పోయిన మనిషికి కారు ఎందుకని వాళ్ళ వాదన. గుడికా? ఇంటికి పంతులుగారు వస్తారు. పుట్టింటికా? వాళ్ళే వచ్చి తీసుకెళ్తారు. పైగా బండి అయిపోయింది, గేర్‌బాక్సు పోయింది, ఎక్కడో నడిరోడ్డు మీద ఆగిపోతే ఆడమనిషి పరువేం కావాలి? ఇవన్నీ చినరాజుగారు నా షాపులోనే కూర్చుని నాకు చెప్పారు. ఆయన చెడ్డవాడేమీ కాదు, అందరికీ సాయపడే మనిషి. కానీ తన సాయం అక్కర్లేదన్నవాళ్ళని మాత్రం ఓర్చుకోలేడు.

ఒకే టిన్ను పోసింది ఆయన మెకానిక్కే. గేరు అరుస్తోంది కాబట్టి అమ్మెయ్యాలంటున్నదీ ఆయనే. అమ్మేముందు ఏం చెయ్యాలో కూడా ఆ మెకానిక్కు దగ్గర తయారుగా ఉంది. ముగ్గిన చక్రకేళీ ఒకటి గేర్‌బాక్సులో కుక్కితే బేరం అయ్యేదాకా బండి కిక్కురుమనదట. మా వైపు అరటిపళ్ళకి కరువా? ఈ ముష్టి కిటుకు నేను చాలా మంది దగ్గర విన్నాను. ఆవిడ చెవిన కూడా పడింది.

"నోరు మూయించడం వేరండి, జబ్బు తగ్గించడం వేరండి" అంది.

అంతే అంది. నేను మాత్రం ఆ మాటని ఇప్పటికీ కౌంటరు దగ్గర వాడుతుంటాను.

ఆవిడ నూనె ఎంచే పద్ధతి చూసి తీరాలి. టిన్ను మీద బొమ్మ చూడదు, అట్ట మీద రాసింది నమ్మదు. సీలు తన ఎదురుగానే తియ్యాలి. ముందు వాసన చూస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక చుక్క వేసుకుని, అరిసెల పాకం చూసినట్టు సాగదీస్తుంది. తర్వాత రెండు వేళ్ళూ చెవి దగ్గర పెట్టుకుని రుద్దుతుంది. చెవికేం వినబడుతుందో నాకు ఇప్పటికీ తెలియదు, అడిగితే "మీకు వినబడదు లెండి" అనేది. గేర్‌బాక్సుకి ఘాటు లేనిది, హౌసింగుకి ఘాటుది. రెండు టిన్నులూ ఒకే సంచిలో వెయ్యనిచ్చేది కాదు. పొయ్యబోయే ముందు టిన్నుని ఎండలో పెట్టి వెచ్చబరచాలి. మంగళవారం నూనె మార్చకూడదు. మొదటి సంగతిలో న్యాయముంది, రెండోదానికి ఏ న్యాయమూ లేదు. నాకు మంగళవారమే ఖాళీ అని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు.

అలాగని ఆవిడ అన్నీ తెలిసిన మనిషేం కాదు. ఎర్రగా ఉన్న నూనె అంటే కల్తీ అని గొడవ పెట్టుకుంది. గుర్తుకోసం రంగు కలుపుతారండీ అంటే, "మా ఇంట్లో కారం కూడా అలాగే ఎర్రగా ఉంటుందండి, ఇటిక పొడి కలిపితే" అంది. నాకు కోపం వచ్చింది. కంపెనీ ఏజెంటు వచ్చినప్పుడు ఆయన చేత ఆవిడ ముందరే చెప్పించాను. విని, "ఆయనా మీ మనిషే కదండీ" అని వెళ్ళిపోయింది. ఆ వాదనలో గెలిచింది నేను. ఆవిడ పోయేదాకా ఒప్పుకోలేదు. ఇప్పుడింక ఒప్పుకునే అవకాశమూ లేదు, కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

కొత్త నూనె పోసిన తర్వాత ఆవిడ ఒక పని చేసింది. పాత డ్రైవరుని వెంటబెట్టుకుని, తమ చెరువుల గట్ల మీద కారు నడపడం నేర్చుకుంది. గట్టు మీద కారుకి అటో జానెడు, ఇటో జానెడు మిగులుతుంది. చెయ్యి వణికితే రొయ్యల్లోకే. మేత వేసే కూలీలు తప్ప చూసేవాళ్ళు లేరు. గట్టు మీద మూడో గేరు పడదు. ఒకటి, రెండు, రివర్సు, అంతే. ఏ గేరు మీద అందరూ కేసు పెట్టారో, ఆవిడ ఆ గేరులోనే నెలల తరబడి తిరిగింది.

సంగతి ఇంట్లో తెలిసిన నాడు పెద్ద రభసే జరిగిందని పాత డ్రైవరు చెప్పాడు. ఆవిడ ఏడవలేదట, అరవలేదట. మరిదిని కూర్చోమని పందెం చెప్పిందట. అంతర్వేది వెళ్ళొద్దాం. తను నడుపుతుంది. దారిలో గేరు ఒక్కసారి గర్రుమన్నా తాళాలు ఆయనవే. అనకపోతే ఇక ఈ కారు మాట ఎత్తకూడదు. నూనె ఇచ్చినవాడు సాక్షిగా రావాలి.

ఇలా ఆ ఇంటి గొడవలోకి నన్ను లాగారు. షాపు కట్టేసి వెళ్ళాను. ముందు సీట్లో పాత డ్రైవరు చేతులు ఒళ్ళో పెట్టుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చున్నాడు. వెనక చినరాజుగారూ, నేనూ. ఆవిడ తెల్ల చీర కొంగు భుజం చుట్టూ తిప్పుకుని స్టీరింగు ముందు కూర్చుంది. అప్పుడే ఆవిడ ముఖం మొదటిసారి సరిగ్గా చూశాను, అదీ అద్దంలో. కళ్ళజోడు, ముక్కు మీద చెమట. భయం లేదని అనను. భయపడుతూనే కూర్చుంది.

ఊరు దాటేదాకా చినరాజుగారు తల దించుకున్నారు. వీరవాసరంలో ఎవరో తెలిసినవాళ్ళు చెయ్యెత్తారు. పాలకొల్లు బజారు రాగానే ఆయన చటుక్కున తన వైపు తెర లాగేసుకున్నారు. వదినగారు కారు నడుపుతుంటే తను వెనక కూర్చోవడం ఊరు చూడకూడదు. అద్దంలోంచి ఆవిడ అది గమనించింది.

"ఉక్కపోస్తుందండి మరిదిగారూ. నాకు అలవాటు గనక సరిపోయింది" అంది.

ఆ పూట ఆ కారులో ఘోషాలో ఉన్నది ఒక్క చినరాజుగారే. నేను కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాను.

నరసాపురం రేవు దగ్గర కార్లని పంటు ఎక్కించి గోదావరి దాటిస్తారు. ఎక్కడం సులువు. దిగడమే కష్టం. అవతల సఖినేటిపల్లి వైపు ఒడ్డు ఏటవాలు, నీళ్ళు తగ్గితే ఇంకా ఏటవాలు. ఒకటో గేరులో పలకల మీదుగా దిగి, ఆ ఊపులోనే తడి ఇసుకలో రెండో గేరు వెయ్యాలి. గేరు పడకుండా నసిగితే బండి అక్కడే కూరుకుపోతుంది, లేదా వెనక్కి జారుతుంది. వెనక గోదావరి ఉంది. పంటువాళ్ళు స్టీరింగు ముందు ఆడమనిషిని చూసి, బండి డ్రైవరు చేత దింపించమని చెప్పారు. చినరాజుగారు కూడా, "వదినగారూ, ఇక్కడికి చాలండి, డ్రైవరుకి ఇవ్వండి" అన్నారు. ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే భయపడ్డారు.

"పందెం ఒడ్డు దాకానాండి?" అంది ఆవిడ.

పలకలు దడదడలాడాయి. ముందు చక్రాలు ఇసుక తొక్కాయి. ఆవిడ చెయ్యి గేరు మీదికి వెళ్ళింది. నేను ముందు సీటు గట్టిగా పట్టుకున్నాను. నా సరుకు మీద నమ్మకం లేక కాదు, రింగులు అప్పటికే ఎంత అరిగాయో నాకు తెలుసు గనక. పోయిన ఇత్తడిని మంచి నూనె తిరిగి తేలేదు. ఆవిడ క్లచ్చి తొక్కి, ఒక్క క్షణం ఆగి, దేన్నో వింది. అప్పుడు వేసింది. నాకేమీ వినబడలేదు. బండి ఒక్కసారి నిట్టూర్చి పైకి పోయింది. ఒడ్డెక్కాక పాత డ్రైవరు కళ్ళు తుడుచుకున్నాడు.

అంతర్వేది వెళ్ళాం, దర్శనం చేసుకున్నాం, అదే దారిన తిరిగి వచ్చాం. ఇల్లు చేరి కారు షెడ్డులోకి వెనక్కి పెడుతుంటే సన్నగా ఊళ వినిపించింది. చినరాజుగారికి ప్రాణం లేచొచ్చింది. "వదినగారూ, రివర్సులో అరుస్తోందండి" అన్నారు.

"వయసండి. రేపు మనకీ వస్తుంది" అని తాళాలు కొంగున కట్టుకుంది. రివర్సు ఊళ ఆ కార్లన్నిటికీ ఉన్నదే, పందెం కిందికి రాదని నేను సాక్ష్యం చెప్పాను. ఆయన మాట మీద నిలబడే మనిషి. ఆవిడ ఉన్నన్నాళ్ళూ కారు ఊసెత్తలేదు.

ఆ తర్వాత ఆవిడ షాపుకి వచ్చినప్పుడు కారుకి తెరలు లేవు. నూనె చూసి వేళ్ళు తుడుచుకున్న గుడ్డపేలిక ఆకుపచ్చగా ఉంది. నేను దాని వంక చూస్తుంటే, "మంచి బట్టండి, నూనె బాగా పీలుస్తుంది" అంది. ఏళ్ళ తరబడి ఆ పేలికలు వస్తూనే ఉన్నాయి. కొన్నేళ్ళకి చినరాజుగారి కోడలు కాపరానికి వచ్చింది. ఆ అమ్మాయిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పేది. నా షాపు ముందు ఆగి ఉన్నప్పుడు ఒకసారి విన్నాను. "కళ్ళు మూసుకోండమ్మా. ఇందాక మలుపులో నేను ఏ గేరులో ఉన్నాను?" అని అడుగుతోంది. అమ్మాయి ఏదో చెప్పింది. "కాదండి, మళ్ళీ వినండి" అని కారు తీసింది.

ఆవిడ పోయిన నాడు వెళ్ళాను. పందిట్లో కూర్చున్న పెద్దమనుషులు మంచిదే గాని మొండిది అన్నారు. ఒకాయన మగరాయుడు అన్నాడు. అక్కడ చావింట్లో మాట్లాడకూడదని ఊరుకున్నాను, ఇక్కడ ఊరుకోను. నా కౌంటరు దగ్గరికి వచ్చే మగవాళ్ళని రోజూ చూస్తున్నాను. "ఏదో ఒకటి ఇచ్చెయ్యవయ్యా, టైము లేదు" అనడం తప్ప తమ బండిలో ఏముందో ఒక్కడికీ తెలియదు. మగరాయుడట. అంత మాట ఆవిడకి మెప్పు అనుకుంటున్నారు కాబోలు. మొండిదని కూడా అన్నారు. ఆ రేవులో మెత్తగా ఉంటే ఏమయ్యేదో వాళ్ళలో ఒక్కడూ చూడలేదు. నేను చూశాను.

డ్రైవరుని పంపేశాక ఆ రోజంతా నాకు పని మీద మనసు లేదు. ఇంకో షాపులో అతనికి ఏదో ఒక టిన్ను దొరుకుతుంది, సాయంత్రానికి చక్రకేళీ కూడా పడుతుంది, కారు పోతుంది. నేను లేదన్నందువల్ల ఆగేది ఏమీ లేదు. అయినా సరే, నా చేత్తో ఇవ్వలేదు.

సాయంత్రం నాలుగింటికి తెల్ల అంబాసిడరు వచ్చి షాపు ముందు ఆగింది. డ్రైవరు వైపు అద్దం దిగింది. గాజులున్న చెయ్యి ఊరగాయ సీసా పట్టుకుని బయటికి వచ్చింది. చేతిలో పని వదిలేసి వెళ్ళాను. చినరాజుగారి కోడలు. ఒక్కతే ఉంది.

"ముందు పాత నూనె చూపించి తర్వాత కొత్తది అడగాలని పెద్దత్తయ్యగారు చెప్పారండి" అంది.

సీసా ఎండకి పెట్టి చూశాను. మెరుపేమీ లేదు. పొద్దున డ్రైవరు తెచ్చిన టిన్ను ఇంకా ఎవరూ పొయ్యలేదట. అది షెడ్డులోనే పారేసి వచ్చానంది.

"బేరానికి మనుషులొస్తారన్నారు కదమ్మా" అన్నాను.

"వచ్చారండి. మావయ్యగారు కారు చూపిద్దామని షెడ్డు తలుపు తీశారు. అక్కడ కారు లేదు" అంది. "ఇక్కడుంది కదండి."

లోపలికి వెళ్ళి రెండు టిన్నులు తెచ్చి, సీళ్ళు తన ఎదురుగానే తీశాను. వాసన చూసింది. వేళ్ళ మధ్య సాగదీసింది. చెవి దగ్గర పెట్టుకుని రుద్దింది. నేనేమీ అడగలేదు. వేళ్ళు తుడుచుకోవడానికి డాష్‌బోర్డు అరలోంచి ఆకుపచ్చ పేలిక తీసింది. టిన్నులు రెండూ వేరు వేరు సంచుల్లో వేసి వెనక సీటు మీద పెట్టాను.

కారు కదిలి లారీల మధ్య నుంచి రోడ్డెక్కింది. నేను మెట్టు మీద నిలబడి చెవి ఒగ్గి విన్నాను. రెండో గేరు ఎప్పుడు పడిందో నాకు తెలియనే లేదు.